బోర్డు మారింది, బాకీ ఎవరిది?



2022 ఫిబ్రవరి ఆఖరి శని, ఆదివారాల్లో నెల సరుకులకని బిగ్ బజార్‌కు బయల్దేరిన వాళ్లు చాలా ఊళ్లలో దించిన షట్టరు చూసి తిరిగొచ్చారు. బిగ్ బజార్ ఆన్‌లైన్ ఆర్డర్లు కూడా ఆగిపోయాయి. దుకాణాలు రిలయన్స్ రిటైల్ చేతికి వెళ్తున్నాయన్న సంగతి ఆ తర్వాత పేపర్లలో వచ్చింది. కొన్నాళ్లకు అవే భవనాల్లో స్మార్ట్ బజార్ అన్న కొత్త బోర్డు వెలిగింది. లోపల పప్పుల వరస పప్పుల వరసే, నూనెల వరస నూనెల వరసే.

ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనుక్కోవడం వ్యాపారంలో మామూలే కదా, దాని గురించి రేడియోలో చెప్పుకోవడానికి ఏముంది అని మీరు అడగొచ్చు. ఉంది. ఎందుకంటే ఇక్కడ కొనుగోలు జరగలేదు. 24,713 కోట్ల రూపాయల కొనుగోలు ఒప్పందం కాగితం మీదే ఉండిపోయి, చివరికి రద్దయింది. దుకాణాలు మాత్రం చేతులు మారాయి. అదెలా సాధ్యమైందో, ఆ మార్పులో ఎవరి లెక్క తేలిందో, ఎవరి లెక్క గాల్లో మిగిలిందో ఇవాళ మీ ముందు పెట్టాలనుకుంటున్నాను.

మన తెలుగువాళ్లకు ఈ బోర్డుల మార్పిడి కొత్త కాదు. సూపర్ మార్కెట్ కంపెనీలు ఏదన్నా కొత్తగా తలపెడితే చాలాసార్లు ముందు హైదరాబాదులో పెట్టి చూశాయి. ఆర్పీజీ సంస్థ తన మొదటి హైపర్ మార్కెట్‌ను జెయింట్ పేరుతో 2001లో ఇక్కడే తెరిచింది. అదే ఆ తర్వాత స్పెన్సర్స్ అయింది. బిగ్ బజార్ పుట్టింది కూడా 2001లోనే. కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాదు, ఈ మూడు ఊళ్లలో కొద్ది రోజుల తేడాతో మొదలైంది. రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు కూడా 2006 నవంబరులో హైదరాబాదులోనే తెరుచుకున్నాయి.

అంతకు ముందు నుంచీ మన దగ్గర త్రినేత్ర ఉండేది. ముప్ఫై అయిదేళ్లు దాటిన వాళ్లందరికీ గుర్తుండే పేరు. హైదరాబాదులో పుట్టి, పేటపేటకూ పాకి, పక్క రాష్ట్రాల్లో కూడా కాలు పెట్టిన సంస్థ అది. 2007 జనవరిలో దాన్ని ఆదిత్య బిర్లా గ్రూపు కొనుక్కుంది. ఆ దుకాణాలన్నీ మోర్ అయ్యాయి. ఆ మోర్‌ను 2018లో సమారా క్యాపిటల్, అమెజాన్ కలిసి పెట్టుబడి పెట్టిన సంస్థ కొనేందుకు ఒప్పందం కుదుర్చుకుంది. అంటే ఒకే సందులో ఒకే కొట్టుకు పన్నెండేళ్లు తిరిగేసరికి మూడో యజమాని వచ్చాడు. హెరిటేజ్ ఫ్రెష్‌దీ ఇంచుమించు ఇదే దారి. హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలో ఉన్న ఆ 124 దుకాణాలను 2016 నవంబరులో ఫ్యూచర్ రిటైల్‌కు ఇచ్చేందుకు ఒప్పందమైంది. అందుకు బదులుగా డబ్బు కాకుండా ఫ్యూచర్ రిటైల్‌లో 3.65 శాతం వాటా తీసుకున్నారు. ఆరేళ్లు తిరక్కుండానే ఆ ఫ్యూచర్ రిటైలే కూలిపోయింది. బిగ్ బజార్‌ను నడిపింది ఈ సంస్థే.

కిశోర్ బియానీ కట్టిన సంస్థ అది. బుధవారం బజారు, జనవరి 26కు పెట్టే చవక బేరాల సంబరం, పాత పేపర్లు, పాత బట్టలు తూకం వేసి కూపన్లు ఇచ్చే ఎక్స్ఛేంజ్ మేళా, ఇవన్నీ మధ్యతరగతి కుటుంబాల నెలవారీ లెక్కలో భాగమైపోయాయి. అద్దాల తలుపులు చూసి జంకే జనాన్ని కూడా లోపలికి రప్పించిన ఘనత దానిదే. ఆ మాట ఒప్పుకోవాలి.

కాని అప్పులు పెరిగాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌తో చేతికి డబ్బు వచ్చే దారి మూసుకుపోయింది. ఆ ఆగస్టులో తన దుకాణాలు, గోదాములు, సరఫరా ఏర్పాట్లు అన్నీ కలిపి రిలయన్స్‌కు అమ్ముతామని ఫ్యూచర్ గ్రూపు ప్రకటించింది. అమెజాన్ అడ్డం తిరిగింది. 2019లో ఫ్యూచర్ గ్రూపుకే చెందిన ఇంకో కంపెనీలో 49 శాతం వాటా కొన్నప్పుడు, మా అనుమతి లేకుండా ఫలానా ఫలానా వాళ్లకు దుకాణాలు అమ్మకూడదని షరతు రాయించుకున్నామని, ఆ జాబితాలో రిలయన్స్ ఉందని దాని వాదన. తగువు సింగపూర్ మధ్యవర్తిత్వ కేంద్రానికి, ఢిల్లీ హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు, కాంపిటిషన్ కమిషన్‌కు తిరిగింది. ఒకచోట గెలుపు, ఒకచోట ఓటమి. ఏడాదిన్నర అలాగే గడిచింది.

ఆ ఏడాదిన్నరలో కోర్టుల బయట జరిగిందే అసలు కథ.

బిగ్ బజార్ నడిచే భవనాల్లో చాలా మటుకు ఫ్యూచర్ సొంతం కావు. అద్దెవి. అద్దె బకాయిలు పేరుకున్నాయి. భవన యజమానులకు బ్యాంకు వాయిదాలు, ఆస్తి పన్నులు ఉంటాయి, వాళ్లెంత కాలం ఆగుతారు? రిలయన్స్ ఆ యజమానులతో నేరుగా లీజులు రాసుకుంది. ఆ భవనాలనే మళ్లీ ఫ్యూచర్‌కు ఉప అద్దెకు ఇచ్చింది. పైకి బోర్డు మారలేదు, సిబ్బంది మారలేదు. దుకాణం కింద ఉన్న నేల మీద హక్కు మాత్రం మారిపోయింది. 2022 ఫిబ్రవరికి వచ్చేసరికి ఆ ఉప అద్దె కూడా కట్టడం లేదని ఒప్పందాలు రద్దు చేశారు. ఫ్యూచర్ గ్రూపులో దుకాణాలు నడిపే రెండు కంపెనీలకూ కలిపి 947 దుకాణాలకు రద్దు నోటీసులు వచ్చాయని ఆ గ్రూపే మార్చిలో స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలియజేసింది. ఇది మోసమని అమెజాన్ పేపర్లలో బహిరంగ ప్రకటన ఇచ్చింది. అద్దె కట్టని చోటు ఖాళీ చేయించుకోవడం మా హక్కన్నది రెండో పక్షం మాట.

ఏప్రిల్‌లో కొనుగోలు ఒప్పందాన్ని అప్పులిచ్చిన బ్యాంకుల ముందు ఓటింగుకు పెట్టారు. 75 శాతం ఒప్పుకోవాలి. దాదాపు 69 శాతం వద్దన్నాయి. ఆ మర్నాడు ఒప్పందం రద్దయిందని రిలయన్స్ ప్రకటించింది. జులైలో ఫ్యూచర్ రిటైల్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. దాన్ని నిలబెట్టే కొనుగోలుదారు దొరకలేదు. 2024 జులైలో ఆస్తులు అమ్మి మూసేయమని దివాలా కేసు చూసే ట్రిబ్యునల్ ఆదేశించింది. దుకాణాలే పోయాక మిగిలిన కంపెనీని ఎవరు కొంటారు?

ఈ వ్యవహారంలో ఏ పెద్ద సంస్థది తప్పు, ఏది ఒప్పు అన్న తీర్పు చెప్పడం నా పని కాదు. అది కోర్టులు చూసుకుంటాయి. నన్ను పట్టి పీడించే ప్రశ్న ఇంకోటి. చట్టం కళ్లకు ఒక దుకాణం అంటే ఒక లీజు కాగితం. లీజు ఎవరి చేతిలో ఉంటే దుకాణం వాళ్లది. కాని ఆ దుకాణం మీద ఆధారపడి బతికే వాళ్లలో చాలామంది పేర్లు ఆ కాగితంలో ఎక్కడా ఉండవు.

సరుకు వేసే చిన్నవాళ్ల సంగతి చూడండి. నాకు తెలిసిన ఒకామె కారప్పొడి, కందిపొడి, కరివేపాకు పొడి, వడియాలు చేయించి సూపర్ మార్కెట్లకు వేసేది. పన్నెండు మంది ఆడవాళ్లు ఆమె దగ్గర పని చేసేవారు. ఒక సూపర్ మార్కెట్ సంస్థకు సరుకు వేస్తుండగా ఆ సంస్థ దుకాణం ఇంకొకరి చేతికి వెళ్లింది. పేర్లు అనవసరం. ఆమె నాకు ఒక ఫైలు చూపించింది. అందులో చలానాలు. ప్రతి చలానా మూడు ప్రతులు: ఒకటి దుకాణానికి, ఒకటి ఆటో డ్రైవరుకు, ఒకటి తనకు. కింద ఊదా రంగు రబ్బరు స్టాంపు, సరుకు ముట్టిన తేదీ, ఎవరిదో అర్థం కాని పొట్టి సంతకం. ఆ సంతకం చేసిన కుర్రాడు ఇప్పుడు అక్కడ లేడు. స్టాంపు మీద ఉన్న పేరుతో ఇప్పుడు అక్కడ దుకాణమే లేదు.

ఆ దుకాణంలోకి అడుగు పెట్టడానికి ఆమె పడ్డ పాట్లు కూడా తెలుసుకోవాలి. పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు తీసుకుంది. ప్యాకెట్లకు బార్‌కోడ్ కొనుక్కుంది. జీఎస్టీ నంబరు, వెండర్ కోడ్, అన్నీ సంపాదించింది. అరలో కంటికి ఎదురుగా ఉండే చోటు కావాలంటే మార్జిన్ ఎక్కువ ఇవ్వాలి, ఇచ్చింది. గడువు దాటిన ప్యాకెట్లు తిరిగొస్తే తన నష్టమే, ఒప్పుకుంది. డబ్బు రెండు నెలలకు వస్తుందన్నారు, సరేనంది. మిరపకాయలు కొనేటప్పుడు మాత్రం గుంటూరు యార్డు వ్యాపారికి రొక్కం ఇవ్వాల్సిందే. మధ్యలో ఉన్న రెండు నెలల బరువు ఆమె మెడలో గొలుసు తాకట్టు మీద నడిచింది. కొత్త యాజమాన్యం వచ్చాక, పాత బాకీతో మాకు సంబంధం లేదు, మాకు సరుకు వేయాలంటే కొత్తగా దరఖాస్తు పెట్టుకోండి, కొనుగోలు నిర్ణయాలు హెడ్ ఆఫీసులో జరుగుతాయి అన్నారు. ఆ మాటలో చట్టపరంగా తప్పు పట్టడానికి ఏమీ లేదు. నా బాధ అదే.

చట్టాలు లేక కాదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఇలా తయారుచేసి అమ్మే చిన్న సంస్థకు రావాల్సిన డబ్బు ఒప్పందం ఏమన్నా సరే 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. కాని ఉన్న ఒక్క పెద్ద కొనుగోలుదారు మీద ఫిర్యాదు చేసి మర్నాడు అదే గుమ్మం తొక్కగల చిన్న వ్యాపారి ఎంతమంది ఉంటారు? చెప్పుకోలేక ఊరుకుంటారు. ఊరుకున్నంత కాలం బాకీ పెరుగుతుంది. ఈలోగా ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లిందంటే దాని మీద దావాలన్నీ అక్కడికక్కడ ఆగిపోతాయి. ఆ తర్వాత వరస ఇలా ఉంటుంది: ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు, తర్వాత కార్మికుల రెండేళ్ల బకాయిలు, తాకట్టు ఉన్న బ్యాంకులు, ఆ తర్వాత మిగతా ఉద్యోగులు, తాకట్టు లేకుండా డబ్బు అప్పిచ్చినవాళ్లు, ప్రభుత్వ బకాయిలు. సరుకు వేసిన వాళ్లు వాటన్నిటి కింద ఎక్కడో ఉంటారు. దివాలా కంపెనీ భవిష్యత్తు తేల్చే కమిటీలో బ్యాంకులకు ఓటు ఉంటుంది, పొడుల ప్యాకెట్లు వేసిన వాళ్లకు ఉండదు. బ్యాంకు అప్పు ఇచ్చే ముందు తాకట్టు అడిగింది. ఈమె అడగలేకపోయింది. అంతే తేడా.

ఉద్యోగుల విషయంలో కాస్త మెరుగు. 2022లో బిగ్ బజార్ దుకాణాలు తీసుకున్నప్పుడు వాటిలో పని చేస్తున్న దాదాపు 30 వేల మందికి ఉద్యోగాలు ఇస్తామని రిలయన్స్ చెప్పినట్టు వార్తలు వచ్చాయి. అది మంచి మాట, మెచ్చుకోవాలి. అయితే కొత్త ఉద్యోగం వేరు, పాత ఉద్యోగం కొనసాగడం వేరు. 1972 నాటి చట్టంలో గ్రాట్యుటీ రావాలంటే సాధారణంగా ఒకే యజమాని దగ్గర అయిదేళ్లు ఎడతెగకుండా పని చేసి ఉండాల్సి వచ్చేది. బిల్లింగ్ కౌంటర్ దగ్గర నాలుగేళ్లు నిలబడిన అమ్మాయికి కొత్త యజమాని మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క మొదలుపెడితే, ఆ నాలుగేళ్లూ ఆమె ఖాతాలోంచి పోయినట్టే. సంస్థే చేతులు మారినప్పుడు కార్మికుడి పాత సర్వీసు కాపాడడానికి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ఎఫ్ అనే సెక్షన్ ఉండేది: పాత సర్వీసు కలిపి, పాత షరతులకు తగ్గకుండా తీసుకోవాలి, లేదంటే పరిహారం ఇవ్వాలి. కాని సంస్థ చేతులు మారలేదు, భవనం లీజు మాత్రమే మారింది అని ఎవరన్నా అంటే? అక్కడే ఈ రక్షణ పట్టు తప్పే ప్రమాదం ఉంది.

ఇంకో వర్గం ఉంది, మన కళ్ల ముందే ఉన్నా ఎవరం గుర్తించం. సబ్బుల వరస దగ్గర నిలబడి ‘ఇది తీసుకోండమ్మా, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ’ అని చెప్పే పిల్ల ఆ దుకాణం ఉద్యోగి కాదు. ఆ సబ్బు కంపెనీ తరఫున ఏదో ఏజెన్సీ పెట్టిన ప్రమోటర్. తుడిచేవాళ్లు, కాపలా వాళ్లు ఇంకో కాంట్రాక్టరు మనుషులు. షట్టరు దించిన రోజున వీళ్లకు ఉద్యోగం ఇస్తామని అటు పాత యజమాని గాని, ఇటు కొత్త యజమాని గాని చెప్పాల్సిన పని లేదు. ఆ వారం వీళ్ల జీతం సంగతి ఎవరిని అడగాలో కూడా వీళ్లకు తెలియదు.

కొనుగోలుదారులం మనం. మనకు కొంత లాభమే జరిగిందని కూడా అనాలి. చివరి రోజుల్లో బిగ్ బజార్ అరలు సగం ఖాళీగా ఉండేవి. కొత్త యాజమాన్యం వచ్చాక మళ్లీ నిండాయి, దీపాలు వెలిగాయి. కాకపోతే ముందుగా డబ్బు కట్టించుకునే పథకాలు ఉంటాయి చూడండి, వాటి దగ్గర జాగ్రత్త. పదివేలు ముందే కడితే నెలకు వెయ్యి చొప్పున ఏడాదిలో పన్నెండు వేల సరుకు ఇస్తామనే తరహా పథకం బిగ్ బజార్ కూడా నడిపింది. అలాంటి పథకంలో చేరామంటే మనం కొనుక్కోవడం లేదు, ఆ సంస్థకు అప్పిస్తున్నాం. సంస్థ మునిగితే ఆ అప్పుకు కూడా తాకట్టు ఉండదు.

ధరల మాట వేరే. ఒక పేటలో రెండు సూపర్ మార్కెట్లు పోటీ పడుతున్నంత కాలం కందిపప్పు మీద రూపాయి, నూనె మీద రెండు రూపాయలు తగ్గుతూ ఉంటాయి. రెండూ ఒకరి చేతికే వెళ్లాయనుకోండి, తగ్గించాల్సిన అవసరం పోతుంది. బ్రిటన్‌లో ఇలాంటి కొనుగోలు వచ్చినప్పుడు దేశం మొత్తం లెక్క చూసి వదిలేయరు. ఒక్కో దుకాణం చుట్టూ కారులో అయిదు, పది, పదిహేను నిమిషాల దూరంలో పోటీ ఎంత మిగులుతుందో పరిశీలిస్తారు. కో-ఆప్ సంస్థ సోమర్‌ఫీల్డ్‌ను కొన్నప్పుడు పోటీ చచ్చిపోయే చోట్ల వందకు పైగా దుకాణాలు ఇతరులకు అమ్మేయాలని షరతు పెట్టారు. 2019లో సెయిన్స్‌బరీస్, ఆస్డా కలిసిపోతామంటే అసలుకే కుదరదన్నారు. మన కాంపిటిషన్ చట్టంలో కూడా ప్రాంతాన్ని బట్టి మార్కెట్‌ను చూడమన్న మాట ఉంది. ఆ మాటను దిల్‌సుఖ్‌నగర్ దాకా, గాజువాక దాకా, హనుమకొండ దాకా తీసుకురావాలన్నది నా అభ్యర్థన. దేశంలో లక్షల కిరాణా కొట్లు ఉన్నాయి కాబట్టి పోటీకి లోటు లేదన్న సమాధానం అపార్ట్‌మెంట్లు తప్ప కొట్లు లేని కొత్త కాలనీలకు సరిపోదు.

దుకాణాలు చేతులు మారడం ఆగదు. 2022 డిసెంబరులో మెట్రో క్యాష్ అండ్ క్యారీ దేశంలోని తన 31 దుకాణాలనూ 2,850 కోట్లకు రిలయన్స్‌కే ఇచ్చేందుకు ఒప్పుకుంది. అది మామూలు కొనుగోలు, కాగితాలన్నీ సక్రమంగా మారాయి. రేపు ఇంకొకరు ఇంకొకరిని కొంటారు. వద్దనడం లేదు. లీజు మారడాన్ని కూడా దుకాణం మారినట్టే లెక్కగట్టాలని మాత్రం అడుగుతున్నాను. పాత దుకాణం సిబ్బందిని తీసుకునేటప్పుడు వాళ్ల పాత సర్వీసు కలపాలి. ఆ దుకాణానికి సరుకు వేసిన చిన్న సంస్థల బాకీల జాబితా తయారు కాకుండా తాళాలు చేతులు మారకూడదు. లోపల మిగిలిన సరుకు ఎవరిదో రాతపూర్వకంగా తేల్చాలి. ఇవేవీ వేల కోట్ల లావాదేవీలు చేసే సంస్థలకు భారం కాదు. రాష్ట్ర ప్రభుత్వాలు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడే ఈ షరతులు పెట్టొచ్చు.

అది జరిగేదాకా, సూపర్ మార్కెట్లకు సరుకు వేసే చిన్న వ్యాపారులు మూడు పనులు మర్చిపోకండి. చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, అది లేకపోతే 45 రోజుల హక్కు నిలబెట్టుకోవడం కష్టం. స్టాంపు పడిన ప్రతి చలానాను ఫోటో తీసి దాచుకోండి. బాకీ 45 రోజులు దాటిన రోజే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి, దివాలా ప్రక్రియ మొదలయ్యాక చేస్తే ఫలితం ఉండదు. ఇక ముందుగా డబ్బు కట్టి ఇరుక్కున్న కొనుగోలుదారులకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 1915. తెలుగులోనే మాట్లాడొచ్చు.